మహారాజశ్రీ డిప్పర్ గారికి

మహారాజశ్రీ డిప్పర్ గారి దివ్యసముఖానికి,

ఆకివీడు నుంచి ఒక యాభై ఎనిమిదేళ్ల కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నిన్న రాత్రి కైకలూరు చేరేదాకా మాత్రం నా కుశలం మీద నాకే నమ్మకం లేదు.

ఎదుటివాడి కళ్లు చెదరకుండా హెడ్‌లైట్లని ఫుల్ నుంచి డిమ్‌కి దించే మీట తమరు. తమరు లేని బండి ఈ దేశంలో రోడ్డెక్కదు. స్టీరింగ్ మీద చెయ్యి తీసే శ్రమ కూడా లేకుండా ఒక్క వేలితో కదిపేంత దగ్గర్లో తమరికి ఆసనం వేశారు. లారీల వెనక తమరి పేరే, 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్' అని. మా ఎమ్మెల్యేకి కూడా ఇంత ప్రచారం లేదు. 2016లో టాటా మోటార్స్ వాళ్లు ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి లారీ డ్రైవర్లకి కండోమ్‌లు పంచితే, వాటికీ 'డిప్పర్' అనే పేరు పెట్టారు. రాత్రిపూట వాడమని లారీల మీద ఎలాగూ రాసే ఉంది కదా! వాటి సంగతి అలా ఉంచండి. అసలు డిప్పర్‌ని వాడేవాళ్లు మా పామర్రు–దిగమర్రు రోడ్డు మీద ఎంతమందంటే, వేళ్లు మిగిలిపోతాయి.

నిన్న గుడివాడలో పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. మన పంతుళ్లకి పగలు ఏ నక్షత్రమూ నచ్చదు. నా కళ్ల సంగతి తెలుసు కాబట్టి మొదటి బంతిలోనే భోంచేసి, ముందుగానే నాలుగు అక్షింతలు వేసేసి బయల్దేరాం. ముదినేపల్లి దాటాక ఎదురుగా ఒక పెద్ద కారు, ఫుల్ లైట్లతో. నేను మర్యాదగా నా లైట్లు దించాను. ఆయన దించలేదు. గుర్తు చేద్దామని ఒకసారి పైకీ కిందికీ ఆడించాను. దానికి జవాబుగా ఆయన బంపరు మీదున్న ఇంకో రెండు లైట్లు కూడా వేశాడు.

లైటు మొహాన కొడుతున్నంతసేపూ పడే బాధ ఒక ఎత్తు. అది దాటిపోయాక ఉంటుంది అసలు గండం. చీకట్లో చూడటానికి కంట్లో రొడాప్సిన్ అని ఒక పదార్థం ఉంటుందట. వెలుతురు పడగానే అది చెదిరిపోతుంది, మళ్లీ పూర్తిగా కూడుకోవడానికి అరగంట దాకా పడుతుంది. అంతసేపు కాకపోయినా, రోడ్డు మళ్లీ కంటికి ఆనడానికి నా వయసు వాడికి కొన్ని సెకన్లు కావాలి. అరవైలో వెళ్లే బండి సెకనుకి 16 మీటర్లు దాటి పోతుంది. నాలుగైదు సెకన్లు అనుకోండి, 70, 80 మీటర్లు నేను గుడ్డివాణ్ని.

నిన్న ఆ 80 మీటర్లలో దాళ్వా (రెండో పంట) ధాన్యం ఉంది. సగం రోడ్డు మీద రాశి, పైన నల్ల బరకం, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు. రాశికి ఇవతల నవారు మంచం. మంచానికి దోమతెర. దోమతెరలో మనిషి.

ఎలా బ్రేకు తొక్కానో తెలియదు. బంపరుకీ మంచం కోడుకీ మధ్య జానెడు చోటు మిగిలింది. మా ఆవిడ నోట మాట లేదు. ఆ రైతు దోమతెర పైకెత్తి, "దారి తప్పారా అండీ? కైకలూరు తిన్నగానే" అన్నాడు.

ఏం పోయిందిరా నీకు? పెద్ద కారు కొన్నావు, లక్షలు పోశావు, ఒక్క వేలు కదపడానికి డబ్బులడిగారా? ఆ మంచం మీద మనిషి నీ అన్నం గింజకి కాపలా పడుకున్నాడు!

క్షమించాలి, ఇది తమరికి రాస్తున్న ఉత్తరం.

ఇంటికొచ్చాక మా అబ్బాయి తాళాలు తీసుకున్నాడు. "నాన్నా, చీకటి పడ్డాక మీరిక బండి తీయొద్దు" అన్నాడు. మా తోడల్లుడు ఫోన్లో క్యారెట్ తినమన్నాడు. విటమిన్ ఎ తగ్గితే వచ్చే రేచీకటికి అది సరే, నాది ఆ జబ్బు కాదు బాబూ అంటే వినడు. ఎవరో పసుపు అద్దాల కళ్లజోడు పంపుతానన్నారు, 'నైట్ డ్రైవింగ్ గ్లాసులు' అట. ఉన్న వెలుతురులో కోత వేసుకుని ఇంకా బాగా చూడాలన్నమాట. ఎదుటి లైటు వంక చూడకుండా ఎడమపక్క తెల్ల గీత చూస్తూ నడపమన్నాడు ఇంకొకాయన. మంచి సలహానే. మా రోడ్డు మీద తెల్లగా ఉండేవి చేపల చెరువుల కొంగలే, అవి రాత్రిళ్లు డ్యూటీలో ఉండవు.

కంటి డాక్టరు మాత్రం సూటిగా చెప్పింది. వయసు పెరిగేకొద్దీ చీకట్లో కనుపాప ఒకప్పటిలా విచ్చుకోదు, లోపలి లెన్సు పచ్చబడుతుంది, మసకబారుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి వెనక్కి చేరే వెలుతురులో మూడో వంతే అరవై ఏళ్లవాడికి చేరుతుంది. ఆ చేరేది కూడా మసక లెన్సులో చెదిరి, ఎదుటి లైటు చుట్టూ గుడిలా కడుతుంది. నాకు శుక్లం మొదలైంది, ఇంకా ఆపరేషన్ దాకా రాలేదు. కళ్లజోడుకి కోటింగ్ వేయించాను, ముందద్దం లోపలివైపు కూడా రోజూ తుడుస్తున్నాను. నా వైపు నుంచి చేయగలిగింది చేశాను. ఎదుటివాడి వేలు మాత్రం నేను కదపలేను.

తమరిని అసలు వాడరని కాదు. వాడతారు, పట్టపగలు, 'నేను వస్తున్నా, తప్పుకో' అనడానికి. ఇరుకు వంతెన మీద ముందెవరు లైటు కొడితే వంతెన వాళ్ల తాతది. కుర్రాళ్ల బైకుల సంగతి చెప్పక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి లైటు ఆర్పే వీలే లేదు, ఫుల్లో డిమ్మో ఎంచుకోవడమే. మావాళ్లు షోరూములోనే ఎంచేసుకున్నారు.

ఇక ఈ తెల్ల ఎల్ఈడీలు. కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బు ఫుల్‌కి 60 వాట్లు, డిమ్‌కి 55. ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి దాని చుట్టూ రిఫ్లెక్టర్ తయారుచేస్తారు. మెకానిక్ షెడ్డులో ఆ గూట్లోనే ఏదో ఎల్ఈడీ దూర్పించేసరికి, రోడ్డు మీద పడాల్సిన వెలుతురు కొబ్బరిచెట్ల మొవ్వుల మీదా నా మొహం మీదా పడుతుంది. అలాంటి బండిలో తమరిని పైకి నొక్కినా, కిందికి నొక్కినా ఒకటే. పైగా ఆక్వా లారీలు కార్చుకుంటూ పోయిన నీళ్లతో తడిసిన తారురోడ్డు కింద నుంచి కూడా కొడుతుంది.

మా చిన్నప్పుడు లారీల, అంబాసిడర్ల హెడ్‌లైట్ల మీద నల్లరంగు పూసేవాళ్లు. బండికి దిష్టిచుక్క అనుకునేవాణ్ని. అది ఎదుటివాడి కళ్ల కోసమని పెద్దయ్యాక తెలిసింది. అప్పటి లైట్లు ఇప్పటివాటి ముందు గుడ్డిదీపాలు, అయినా వాటికి ఆ మర్యాద ఉండేది.

ఆ మర్యాద పూర్తిగా చచ్చిందని అనను. ఆమధ్య ఉండి దగ్గర ఒక లారీ, పాతది, చేపల లోడుతో వస్తోంది. నాకంటే ముందే లైట్లు దించాడు. దించి, ఎడమపక్కకి కొంచెం జరిగాడు. దాటిపోయాక మళ్లీ ఫుల్ వేసుకున్నాడు. అంతే, ఇంకేం జరగలేదు. కేబిన్లో ఎవరున్నారో చూడలేదు కానీ, ఆయన తమరిని వాడే తీరు చూస్తే చాలా ఏళ్ల స్నేహంలా ఉంది. ఆ ఒక్క రాత్రి మా ఆవిడ దారి పొడవునా నిద్రపోయింది.

వైశాఖం ఇంకా సగం మిగిలే ఉంది. వచ్చిన శుభలేఖలన్నీ రాత్రి ముహూర్తాలవే. మా అబ్బాయిని బతిమాలి తాళాలు తెచ్చుకునే పని నాది. ఎదురొచ్చేవాళ్ల సంగతి తమరు చూసుకోగలరు.

ఇట్లు,
తమరి కోసం కళ్లు కాయలు కాసిన
ఒక కారు యజమాని