సవరణ: ఒమాహా ప్రేక్షకులు, ఆగిపోయిన మ్యాచ్

అమెరికాలోని ఒమాహా నగరంలో జరిగే కాలేజీ బేస్‌బాల్ టోర్నీ 2021 కాలేజీ వరల్డ్ సిరీస్‌పై నిన్నటి పోస్టులో "స్టేడియం కిక్కిరిసినందుకే నార్త్ కరోలినా స్టేట్ ఇంటిముఖం పట్టింది" అన్న వాక్యాన్ని తొలగించాను. ఆ రెండింటికీ ముడిపెట్టడం అన్యాయం. నార్త్ కరోలినా స్టేట్ జట్టును ఆపినవి ఆటగాళ్ల కోవిడ్ పరీక్షల ఫలితాలు. జూన్ 25న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ జట్టుపై ఆడేందుకు ఆ జట్టుకు మిగిలింది 13 మందే, అందులో నలుగురు పిచర్లు (బంతి విసిరేవాళ్లు). అయినా చివరిదాకా పోరాడి 3-1 తేడాతో ఓడారు. అర్ధరాత్రి దాటాక నిర్ణాయక మ్యాచ్ రద్దయింది. వాండర్‌బిల్ట్ బంతి వేయకుండానే ఫైనల్ చేరింది.

ఒమాహాలో సీట్లన్నీ తెరవడం తొందరపాటా కాదా అన్నది వేరే చర్చ. 2020లో టోర్నీయే జరగలేదు, అభిమానుల ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. అయినా సీట్ల పరిమితి ఉండాల్సిందనే నేను ఇప్పటికీ అంటాను. పోస్టులో మిగతా భాగం యథాతథం.