ఫ్రేమ్ అంటే ఫ్రేమేనంట!

నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్నే టీ కూడా తాగకుండా కూర్చుని ఇది టైపు చేస్తున్నాను. పొడుగు పోస్టే అవుతుంది, ఓపిక లేనివాళ్ళు వెళ్ళి రీల్సు చూసుకోండి.

మా బావ మా మేనల్లుడికి సైకిల్ కొన్నాడు.

ఇందులో మండేదేముంది అంటారా? వాడు ఏడాదిగా ప్రతి ఆదివారం నా వెనకే తిరుగుతున్నాడు. "మావయ్యా, నాకూ ట్రయల్స్ నేర్పు" అని ప్రాణం తీస్తే నా 24 అంగుళాల చక్రాల బండి మీదే ఆరు నెలలు బ్యాలెన్సు నేర్పించాను. ట్రయల్స్ అంటే కాలు కింద పెట్టకుండా సైకిల్‌తోనే అరుగులూ గోడలూ ఎక్కడం, దూకడం. ఇప్పుడు రెండు బ్రేకులూ పట్టుకుని, కాలు కింద పెట్టకుండా, ఉన్నచోటే నిమిషంన్నర నిలబడతాడు. పదో తరగతి కుర్రాడు! మీలో ఎవరైనా పది సెకన్లు నిలబడి చూపించండి. వాడికి ఫ్రేమ్ నేను చూస్తాను, దసరా దాకా ఆగండి అని అక్కకి చెప్పాను. చెప్పాను కదా? చెప్పాను. అయినా బావ మొన్న కూరగాయలకని బజారుకెళ్ళి, దారిలో సైకిల్ షాపులో దూరి, "మావోడు స్టంట్లు చేత్తాడంట, దానికి తగ్గదేటైనా ఉందా" అని అడిగాడట.

ఉండకేం. పై గొట్టం మీద ఎర్రటి అక్షరాలతో 'స్టంట్' అని ఇంత స్టిక్కరు ఉన్నది ఒకటి తీసి చూపించారు. ఇరవై ఒక్క గేర్లు, ముందు సస్పెన్షన్, రెండు డిస్కు బ్రేకులు, సైడు స్టాండు, బాటిల్ పెట్టుకోవడానికి కొక్కెం. పదహారు వేల ఐదొందలు. బావ బేరమాడి పదహారు చేశాడు. ఆ ఐదొందలు మిగిల్చినందుకు ఆయన ముఖంలో ఆనందం చూడాలి మీరు.

నాతో అన్నమాట వినండి. "నీదానికి గేర్లు లేవు, సస్పెన్షన్ లేదు, సీటుందా అంటే అరచెయ్యంత. ఉత్త ఫ్రేమ్‌కే ఇరవై రెండు వేలు తగలేశావు. మావోడిదానికి అన్నీ ఉన్నాయి, పదహారే." బావగారు, పైగా భోజనాల దగ్గర. నేనేం అనగలను? పప్పులో నెయ్యి వేసుకుని ఊరుకున్నాను.

సాయంత్రం ఆరున్నరకి వాడు ఆ బండితో మా అరుగు ఎక్కబోయాడు. అరుగు ఎంతో లేదు, జానెడున్నర. నా బండి మీద వాడు రోజూ ఎక్కే అరుగే. ముందు చక్రం ఎత్తి పైన పెట్టాడు. పెడల్ తన్ని వెనక చక్రం లేపేలోగా సస్పెన్షన్ కుయ్‌మని కిందికి దిగి, వాడు తన్నిన బలమంతా అదే మింగేసింది. బండి పైకి పోవాల్సింది ముందుకి పోయింది. కింద వేలాడుతున్న పెద్ద పళ్ళచక్రం అరుగు కడపరాయి అంచుకి కొట్టుకుని చైను ఊడింది, కాలు జారింది, ప్లాస్టిక్ పెడల్ తిరిగొచ్చి ముంజంగ మీద తగిలింది. మా అమ్మ పసుపు పట్టుకుని పరిగెత్తింది. బావ ఏమన్నాడో తెలుసా? "నువ్వు సరిగ్గా నేర్పలేదు."

నేను సరిగ్గా నేర్పలేదట!

అప్పటికప్పుడు పురికొస తెచ్చాను. రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టి, ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి పురికొస లాగి కట్టాను. నాదాంట్లో పెడల్ ఇరుసు ఆ తాడుకి రెండు సెంటీమీటర్లు పైన ఉంది. కొత్తదాంట్లో మూడు సెంటీమీటర్లు కింద. పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి టేపు పెడితే నాది 36 సెంటీమీటర్లు, వాడిది 44. ఇదీ తేడా. మామూలు సైకిల్‌కి అది కింద ఉండటమే మంచిది, బరువు కిందికి ఉండి బండి నిలకడగా పోతుంది. సంతకెళ్ళి రావడానికి భేషుగ్గా ఉంటుంది. కానీ ట్రయల్స్‌లో మనం చేసేదంతా వెనక చక్రం మీద లేచి నిలబడటం, అక్కడ్నుంచి ఎగరడం. మన బరువు వెనక ఇరుసు మీదికి రావాలి. ఆ దూరం పొట్టిగా, నిలబడే చోటు ఎత్తుగా ఉంటే చిన్న లాగుడుకే ముందు చక్రం లేస్తుంది. 44 ఉన్నదాన్ని లేపాలంటే గేదెని వెనక కాళ్ళ మీద నిలబెట్టినట్టే. అలాగని పోటీల బండ్లలా ఇరుసు మరీ ఎత్తుకి పోకూడదు. వీధిలో తొక్కేవాడికి దూకడం ఒక్కటే పని కాదు కదా, తిరగాలి, వెనక చక్రం మీద సాగాలి. అందుకే స్ట్రీట్ ఫ్రేములు పోటీ ఫ్రేముల కంటే కాస్త కిందికి ఉంటాయి. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, పురికొస ఉంటే చాలు.

ఆ పురికొస జేబులో పెట్టుకునే షాపుకి వెళ్ళాను. గొడవకి కాదు, బండి వెనక్కి తీసుకుంటారేమో అడుగుదామని. షాపాయన సగం తెలుగు, సగం ఒడియా. "ఫ్రేమ్ అంటే ఫ్రేమే బాబూ, రెండు ముక్కోణాలు. సొబు సొమానొ" అన్నాడు. అన్నీ ఒకటేనట! పైగా కుర్రాడి ఎత్తు కళ్ళతోనే కొలిచేసి "పద్దెనిమిది అంగుళాల ఫ్రేమ్ కరెక్టు సైజు" అని తీర్పు. పద్దెనిమిది అంగుళాలంటే సీటు గొట్టం పొడుగు. కూర్చునేవాడికి కదా అది! ట్రయల్స్‌లో కూర్చునేది ఎప్పుడు? ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు. మనకి కావాల్సింది నిలబడినప్పుడు పెడల్ ఇరుసుకీ హ్యాండిల్ తలకీ మధ్య ఉండే దూరం. అది ఎక్కువైతే నడుం పట్టేస్తుంది, తక్కువైతే మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతాయి. ఆ మాట చెప్పబోతే ఆయన నా బండి చక్రం చూసి, పక్కనున్న కుర్రాడితో "ఇది ఆరో తరగతి పిల్లల సైజు కదరా" అని నవ్వాడు.

అదీ నాకు గుచ్చుకున్నది. బావ మాటైనా మర్చిపోతానేమో గానీ ఇది మర్చిపోను. మన దేశంలో 24 అంగుళాలంటే పిల్లల సైకిలే, ఒప్పుకుంటాను. యూసీఐ, అంటే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, పెట్టే ట్రయల్స్ పోటీల్లో కూడా 20, 26 అంగుళాల విభాగాలే. కానీ 2009 ఏప్రిల్‌లో వచ్చిన వీడియోలో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఈటెల్లాంటి మొనలున్న ఇనప కంచె మీద సైకిల్ నడిపిన డానీ మెక్‌ఆస్కిల్ తొక్కింది ఈ 24 మీదే. 26 కంటే చురుగ్గా తిరుగుతుంది, 20 కంటే బాగా సాగుతుంది. వీధికి సరిగ్గా సరిపోతుంది. ఇంకో ముచ్చట, ఆ డానీ అప్పటికి సైకిల్ షాపులో మెకానిక్. అక్కడి సైకిల్ షాపులో అలాంటివాడున్నాడు, మాకు ఇలాంటివాడు దొరికాడు. ఎవరి అదృష్టం వాళ్ళది.

మా ఊళ్ళో, అదే ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో, కొమ్ముతో కొంగలు చెక్కేవాళ్ళున్నారు, ప్రపంచమంతా ఎరుగుదురు. వాళ్ళ దగ్గర కూర్చుని చూడండి. ఆకురాయి పట్టే ముందు కొమ్ముని అటూ ఇటూ తిప్పి వంపు చూస్తారు. మెడ ఎక్కడ వస్తుంది, ముక్కు ఎక్కడ తేలుతుంది అని. వంపు తప్పితే ఆ కొమ్ము పక్కన పెట్టేస్తారు, మెరుగు పెడితే కొంగ అయిపోతుందని అనుకోరు. అదే ఊళ్ళో స్టిక్కరు అంటిస్తే స్టంట్ సైకిల్ అయిపోతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి కాబట్టే ఇంత వాగుతున్నాను. నా మొదటి ఫ్రేమ్ కూడా అలాంటిదే, మామూలు అల్యూమినియం ఎంటీబీ, అంటే కొండదారుల సైకిల్. దాంతో నాలుగు నెలలు గోడలెక్కితే హ్యాండిల్ తల కింద వెంట్రుకవాసి గీత కనపడింది. రంగు పగిలిందనుకున్నాను. వారానికి అందులో గోరు దిగింది. వెల్డింగు షాపులో ఇస్తే ఆయన చాలా శ్రద్ధగా అతికాడు, డబ్బులు కూడా తక్కువే తీసుకున్నాడు. మూడు వారాలకి మళ్ళీ తెగింది, అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కన వేలెడు దూరంలో తెగింది. తప్పు ఆయనది కాదు. సైకిళ్ళకి వాడే 6061 రకం అల్యూమినియంకి బలం వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ పదును పెడితే వస్తుంది. వెల్డింగు మంట తగిలిన చోట ఆ పదును పోతుంది, మళ్ళీ పెట్టే కొలిమి మన ఊళ్ళల్లో ఎక్కడుంది? అందుకే తెలిసినవాళ్ళు మొదటి ఫ్రేమ్‌కి 4130 క్రోమోలీ ఉక్కు తీసుకోమంటారు. బరువు కొంచెం ఎక్కువ, కానీ సాధారణంగా వంగుతుంది, చెప్పి విరుగుతుంది, అతికితే మళ్ళీ బతుకుతుంది. కొత్త సైకిల్ మీద ఏ లోహమో రాసే ఉంటుంది, చదవండి. 'హై టెన్సైల్' అని ఉంటే ఘనమైన పేరే గానీ మామూలు రకం ఉక్కే.

వెనక ఇరుసు కూర్చునే గాడి కూడా చూడండి. నిలువు గాడి గేర్ల సైకిల్‌కి. మనకి గేర్లు ఉండవు కాబట్టి అడ్డ గాడి కావాలి. చక్రం వెనక్కి లాగి, నత్తగుల్లలాంటి బిళ్ళ తిప్పితే చైను వీణ తీగలా బిగుస్తుంది. ఆ బిగువు లేకపోతే నిన్న మావాడికి జరిగిందే జరుగుతుంది. బ్రేకు సంగతి తర్వాత మార్చుకోవచ్చు గానీ దాని బిగింపు చోటు ఫ్రేమ్ మీదే ఉంటుంది కదా, డిస్కుకా రిమ్ముకా అని ముందే తేల్చుకోవాలి. నేను వెనక రిమ్ము బ్రేకు వాడతాను. పట్టు కోసం కొత్త రిమ్ముకి గ్రైండరు పెట్టి గరుకు చేశాను. ఆరోజు మా వీధి వీధంతా నిలబడి చూసింది. "కొత్త సామాను తగలేస్తన్నాడు, ఆడికేటైనా అయిందేటి" అని ఎదురింటి పిన్ని మా అమ్మని పక్కకి పిలిచి అడిగింది. ఇప్పటికీ బ్రేకు పట్టినప్పుడల్లా ఆ కీచు శబ్దానికి కుక్కలు మొరుగుతాయి.

సరే, ఇంత తెలిసినవాడివి నువ్వే కొనిపెట్టొచ్చు కదా అంటారు. కొందామనే చూశానండీ! దేశంలో ఈ ఫ్రేములు షాపుల్లో పెట్టి అమ్మేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఎవరో బెంగళూరులోనో పుణేలోనో తొక్కడం మానేసి అమ్మితే దొరకాలి. నాది అలా దొరికిందే. పోయిన నెల ఒకటి కనపడింది, 24 అంగుళాలది, క్రోమోలీ, గీత కూడా లేదు. మాట్లాడుకున్నాం. చివర్లో పిన్‌కోడ్ చెప్పాను. 761తో మొదలవుతుంది కదా, కొరియర్ వాళ్ళు "ఆ ఏరియాకి పెద్ద పార్సెల్ వెళ్ళదు" అన్నారట. వంతెన అవతల ఆంధ్రాలో పాతపట్నం ఉంది, దాని పిన్‌కోడ్ 532. అక్కడికి వెళ్తుందట! మధ్యలో ఉన్నది మహేంద్రతనయ నది ఒక్కటే. వేసవిలో ఆ నది దాటితే చెప్పులు కూడా సరిగ్గా తడవవు.

1900లోనే నౌపడా నుంచి మా ఊరికి రైలొచ్చిందండీ, రాజావారు వేయించారు. నూట పాతికేళ్ళు దాటాక ఒక ఇనప ఫ్రేమ్ రాదు.

ఫ్రేమ్ గొడవ ఇక్కడికి వచ్చింది కాబట్టి అనేస్తున్నాను. వైజాగ్ వెళ్తే "మీరు ఒడిశావాళ్ళా? తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారే!" అంటారు. భువనేశ్వర్ వెళ్తే "తెలుగువాళ్ళా? ఒడియా బాగానే వచ్చే!" అంటారు. రెండుచోట్లా మెచ్చుకోలే, రెండుచోట్లా మనం పరాయే. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటో పెట్టి వాడుక భాష గురించి పేజీలు పేజీలు రాస్తారు. ఆయన పాఠాలు చెప్పింది ఎక్కడ, సవర భాష నేర్చుకున్నది ఎక్కడ కూర్చుని? ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒరిస్సాలో కలిస్తే ఆ పెద్దాయన భరించలేక ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేము ఉండిపోయాం. ఉండిపోయినవాళ్ళకి పార్సెల్ కూడా పంపరు. ఆగస్టు 29న మాత్రం ట్యాగ్ చేస్తారు.

తెలుగు యూట్యూబ్ సైకిల్ గురువులకి కూడా ఓ దండం. 'స్టంట్ సైకిల్ ఎలా ఎంచుకోవాలి' అని ఇరవై నిమిషాల వీడియో పెట్టి, అందులో పద్దెనిమిది నిమిషాలు గేర్లు ఎన్ని, రంగులు ఎన్ని. ఒక్కడు పురికొస కట్టలేదు. ఒక్కడు టేపు పట్టలేదు. కింద కామెంట్‌లో నేను అడిగితే "బ్రో, ముందు వీలీ (వెనక చక్రం మీద తొక్కుతూ పోవడం) నేర్చుకో" అన్నాడు ఒకడు. వీలీ వేరు, ట్రయల్స్ వేరు అని మా మేనల్లుడికి కూడా తెలుసు నాయనా.

చివరికి పాతపట్నంలో మా పెదనాన్న కొడుకు అడ్రసు ఇచ్చాను. ఆ ఫ్రేమ్ అమ్మే బెంగళూరు ఆయన సోమవారం పంపుతానన్నాడు. అన్నయ్య స్కూటీ వెనక కట్టుకుని వంతెన దాటించాలి. సొంత మేనల్లుడి సైకిల్‌కి దొంగ సరుకు తెచ్చినట్టు తేవాలి.

కొత్త బండి సంగతా? రాత్రి బావ ఫోన్ చేశాడు, కొంచెం దిగొచ్చాడు. షాపాయన్ని ఆయనే అడిగాడట. గీతలు పడకుండా, స్టిక్కరు చెదరకుండా ఉంటే వెయ్యి తగ్గించుకుని వెనక్కి తీసుకుంటానన్నాడట. హమ్మయ్య అనుకుని వాణ్ణి బండి తెమ్మన్నాను. తెచ్చాడు. ట్రయల్స్ కుర్రాళ్ళు చూస్తే నవ్వుతారని, ముంజంగకి కట్టు కట్టించుకుంటూనే బ్లేడుతో ఆ 'స్టంట్' మొత్తం గోకేశాడు. 'ట్' ఒక్కటే మిగిలింది.