పతకాల పట్టికకు అందని తొమ్మిదో స్థానం

16, 9. పోలండ్ రిథమిక్ జిమ్నాస్ట్ యోవన్నా మిత్రోష్ ఒలింపిక్ కెరీర్‌ను ఈ రెండు అంకెల్లో రాసేయొచ్చు. 2008లో బీజింగ్‌లో 16వ స్థానంతో క్వాలిఫయింగ్ దగ్గరే ఆగిపోయింది. 2012లో లండన్‌లో ఫైనల్‌ దాకా వెళ్లి 9వ స్థానంలో నిలిచింది. పతకం లేదు కాబట్టి పట్టికలో పేరూ లేదు. నన్నడిగితే 16 నుంచి 9కి రావడానికి పట్టిన ఆ నాలుగేళ్లలోనే చెప్పుకోవాల్సిన కథంతా ఉంది. అలాగని ఆ తొమ్మిదినీ ఉన్నదున్నట్టు నమ్మేయకూడదు.

జిమ్నాస్టిక్స్ అనగానే మనకు గుర్తొచ్చేది దీపా కర్మాకర్, పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా గాల్లోకి ఎగిరే ఆమె వాల్ట్. మిత్రోష్ ఆట అది కాదు. 13 మీటర్ల చదరపు కార్పెట్ మీద నిమిషంన్నర లోపు సంగీతానికి తగ్గట్టు కదులుతూ హూప్ (చక్రం), బంతి, క్లబ్స్ (సీసాల్లాంటి జంట కర్రలు), రిబ్బన్‌తో చేసే ఆట ఇది. పోలండ్ వాళ్లు ఈ ఆటలకు పెట్టిన పేర్లు వింటే ఇంకా తికమక. రిథమిక్‌ను వాళ్లు ‘ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్’ అనే అర్థం వచ్చేలా పిలుస్తారు. దీపా చేసింది వాళ్ల లెక్కలో ‘స్పోర్ట్స్ జిమ్నాస్టిక్స్’. ఒకటి కళ, ఇంకోటి ఆట అని పేరు పెట్టేటప్పుడే తేల్చేసినట్టుంది. రిథమిక్‌ను చిన్నచూపు చూసేవాళ్లు అన్నిచోట్లా అనే మాటా ఇదే: ‘అది డ్యాన్సే కదా!’

డ్యాన్సే అనుకునేవాళ్లు ఒక్కసారి రిబ్బన్‌ను గమనించాలి. చేతిలో పొట్టి పుల్ల, దాని చివర 6 మీటర్ల సిల్కు పట్టీ. మణికట్టు ఒక్క క్షణం ఆగినా చాలు, పట్టీ చప్పున కార్పెట్ మీద వాలిపోతుంది. ఆగకూడదు, అలాగని మరీ విసురుగా తిప్పినా కష్టమే, దానికదే మెలిక పడుతుంది. హాల్లో ఏసీ గాలి అటు వీస్తే రిబ్బన్ కూడా అటే పోతుంది. పుల్లను పైకి విసిరి, కింద రెండు పల్టీలు కొట్టి, వెనక్కి చూడకుండా చేత్తో పట్టుకోవాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ కాలి మునివేళ్లు చాచే ఉండాలి. ముడి పడిందా, నెలల తరబడి చేసిన సాధన ఆ ముడిలోనే ఇరుక్కుపోతుంది. టీవీలో చూసేవాళ్లకు మాత్రం రంగుల చుట్టలే కనిపిస్తాయి.

1988లో బాల్టిక్ తీరంలోని రేవు పట్టణం గ్దీన్యాలో పుట్టిన అమ్మాయి మిత్రోష్. బీజింగ్ నాటికి ఇంకా ఇరవై నిండలేదు. అక్కడ చేయాల్సినవి తాడు, హూప్, క్లబ్స్, రిబ్బన్. ఒక్కోదానికి గరిష్ఠంగా 20 మార్కులు. లండన్ వచ్చేసరికి సీనియర్ల వ్యక్తిగత పోటీల్లో తాడు లేదు, దాని చోట బంతి వచ్చింది. మార్కులు కూడా 30కి మారాయి. కష్టానికి 10, కళకు 10, తప్పుల్లేకుండా చేసినందుకు 10. సిలబస్ మారాక మళ్లీ ఎంట్రన్స్ రాసే విద్యార్థి పరిస్థితే ఆమెది. ఇలా మారినప్పుడు చాలామంది వెనకబడతారు. ఈమె ఏడు స్థానాలు పైకి వచ్చింది.

వెంబ్లీ అరీనాలో ఫైనల్‌కు చేరిన పది మందిలో ఆరుగురు ఒకప్పటి సోవియట్ యూనియన్ దేశాల తరఫున ఆడినవాళ్లే: రష్యా నుంచి ఇద్దరు, ఉక్రెయిన్ నుంచి ఇద్దరు, బెలారస్, అజర్‌బైజాన్ నుంచి ఒక్కొక్కరు. మిగిలిన నాలుగు చోట్లు దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, బల్గేరియా, పోలండ్‌లవి. వీటిలో బల్గేరియా ఈ ఆటలో పాతకాపు. కొరియా అమ్మాయి సన్ యోన్ జే శిక్షణ తీసుకున్నది రష్యాలోనే. ఈ గుంపులో పోలండ్ అమ్మాయి ఉండటమే విశేషం, ఎందుకంటే రిథమిక్‌లో పోలండ్‌కు ఇప్పటికీ ఒక్క ఒలింపిక్ పతకం కూడా లేదు.

అయితే ఒలింపిక్స్‌లో తొమ్మిదో స్థానం అంటే ప్రపంచంలో తొమ్మిదో స్థానం అని కాదు. వ్యక్తిగత విభాగంలో ఒక దేశం నుంచి ఇద్దరికి మించి రానివ్వరు. రష్యాలో మూడో అమ్మాయో నాలుగో అమ్మాయో ఇంకో దేశంలో పుట్టి ఉంటే సులువుగా ఫైనల్ ఆడేది. 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచిన దరియా కొండకోవా గాయంతో లండన్‌కు దూరమైంది. ఆమె బదులు వచ్చిన దరియా ద్మిత్రియెవా రజతం పట్టుకెళ్లింది. అక్కడి రిజర్వ్ బెంచీ అంత బలంగా ఉంటుంది. స్వర్ణం గెలిచిన రష్యా అమ్మాయి కనాయెవాను ఈ లెక్కలోకి తేవడమే అనవసరం. 120కి 116.900 తెచ్చుకున్న మనిషితో పోటీ ఏముంటుంది?

అసలు పోటీ అంతా ఆ కింద స్థానాల్లోనే. మూడో స్థానంలోని బెలారస్ అమ్మాయికి 111.700, నాలుగో స్థానంలోని అజర్‌బైజాన్ అమ్మాయి గరయెవాకు 111.575, ఐదో స్థానంలోని సన్‌కు 111.475. కంచు పతకానికీ ఖాళీ చేతులకూ మధ్య తేడా పాయింటులో ఎనిమిదో వంతు. నలుగురి నోట నలిగిన పేరుకు జడ్జీల కలం కాస్త ఉదారంగా కదులుతుందని ఈ ఆటను అభిమానించేవాళ్లు ఏళ్లుగా గొణుగుతూనే ఉన్నారు. లండన్ మార్కుల్లో మోసం జరిగిందని నేననడం లేదు. కానీ ఆ మరుసటి ఏడాదే, రిథమిక్ జడ్జీల అర్హత పరీక్షల్లో కాపీ కొట్టారన్న వ్యవహారం బయటపడి అంతర్జాతీయ సమాఖ్య చర్యలు తీసుకోవాల్సి వచ్చింది. మార్కులు వేసేవాళ్లే కాపీ కొట్టి పాసయ్యే ఆటలో 9కీ 8కీ, 6కీ 5కీ మధ్య తేడాను రాతిమీద గీతలా చూడలేం.

లండన్‌లో పోలండ్ జెండా మోసిన టెన్నిస్ స్టార్ అగ్నియెష్కా రద్వాన్‌స్కా సింగిల్స్ మొదటి రౌండ్‌లోనే ఓడింది. అయినా ఆ ఏడాది పోలండ్ క్రీడాకారిణుల గురించి అడిగితే ఎవరి నోటైనా ముందు వచ్చేది ఆమె పేరే. అది సహజమే, వింబుల్డన్ ఫైనల్ ఆడి నెల కూడా కాలేదు. మిత్రోష్ ఆటకు టీవీలో చోటు దక్కేది నాలుగేళ్లకోసారి, అదీ ఒకటి రెండు రోజులు.

ఇంతకీ ఆ ఫైనల్లో మిత్రోష్ వెనక పదో స్థానంలో నిలిచింది ఉక్రెయిన్‌కు చెందిన గాన్నా రిజత్దినోవా. మరుసటి ఏడాది సొంతగడ్డ కీవ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో హూప్ స్వర్ణం ఆమెదే. 2016లో రియోలో ఒలింపిక్ కాంస్యం కూడా గెలిచింది. లండన్‌లో ఆమెకు 19 ఏళ్లు. మిత్రోష్‌కు అప్పటికే 23.