కష్టాల్లో ఉన్న రక్తపిశాచి హీరో గారికి

మహారాజశ్రీ వాంపైర్ హీరో గారికి, మీ రొమాన్స్ నవలలు వదలకుండా చదివే ఒక పాఠకురాలు రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ గానీ, మీ విషయంలో అలా తలిస్తే మీ పొట్ట కొట్టినట్టవుతుంది. మీరు క్షేమంగా ఉన్న మర్నాడే మీ పుస్తకం మూతపడుతుంది.

ఉత్తరం ఎందుకంటే, మీ నవలలు చదివి జనం ఏమనుకుంటున్నారో ఎవరూ మీ చెవిన వేస్తున్నట్టు లేదు. వేసి ఉంటే ఇన్ని వందల ఏళ్ళలో ఒక్క అలవాటైనా మారేది. ఆ పని నేను నెత్తినేసుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా మీరు చేసేది కిటికీ దగ్గర నిలబడి చీకట్లోకి చూడటమే కాబట్టి నాకు పెద్ద భయమూ లేదు.

కిటికీ అంటే గుర్తొచ్చింది. అర్ధరాత్రి. హీరోయిన్ గాఢనిద్రలో ఉంటుంది. తలుపు గడియ వేసే ఉంటుంది. మీరు మాత్రం ఆమె గదిలో ఓ మూల నిలబడి ఆమె ఊపిరి లెక్కపెడుతుంటారు. మీ జాతికి ఒకప్పుడు ఒక నియమం ఉండేది. ఇంట్లోవాళ్ళెవరైనా మొదటిసారి లోపలికి పిలిస్తే తప్ప గడప దాటకూడదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవలలోని డ్రాక్యులాకి కూడా ఆ కట్టుబాటు ఉంది. నెత్తురు తాగి బతికే ఆ ముసలాయనకి ఉన్నపాటి మర్యాద, ప్రేమిస్తున్నానంటున్న మీకు లేకుండా పోయింది. ఈ ఘట్టం దగ్గర పాఠకులు రెండు జట్లుగా చీలిపోతారు. ‘రాత్రంతా కాపలా కాశాడు, ఎంత కేరింగో’ అని రివ్యూలో ఐదు స్టార్లు ఇచ్చేవాళ్ళు ఒక జట్టు. ‘ఇదే పని పక్కింటివాడు చేస్తే పోలీసులకి ఫోన్ చెయ్యమా?’ అని ఒక్క స్టారుతో సరిపెట్టేవాళ్ళు రెండో జట్టు. నేను రెండో జట్టే. కాకపోతే పక్కింటివాడికి మీకున్నంత మంచి కోటు ఉండదు, అది మాత్రం నిజం.

ఇక మీ దవడ. కోపం వచ్చినా దవడ బిగిస్తారు, ప్రేమ వచ్చినా దవడే, ఆకలేసినా దవడే. ఒక పేజీ ఎలా నడుస్తుందో మీకే వినిపిస్తాను. ఆమె ‘నీకేమైంది?’ అంటుంది. మీరు దవడ బిగిస్తారు. చెంప మీద నరం ఒకటి అదురుతుంది. కళ్ళలో ఏదో నీడ కదులుతుంది. ‘నా గురించి నీకు తెలియదు. నాకు దూరంగా ఉండు’ అంటారు. అంటూనే ఆమె వీపు గోడకి ఆనేదాకా ముందుకొచ్చి, వెళ్ళే దారికి అడ్డంగా చెయ్యి పెడతారు. దూరంగా ఉండమన్న పెద్దమనిషి దారి వదలాలి కదండీ! ఐదు స్టార్ల జట్టు కూడా ఇక్కడ కాస్త ఇబ్బందిగా కదులుతుంది.

బేతాళుడు మీకన్నా నయం. కథ చెప్పేవాడు, ప్రశ్న వేసేవాడు, జవాబు రాగానే చెట్టెక్కేవాడు. మీరు కథ చెప్పరు, ప్రశ్న వేస్తే మొహం తిప్పుకుంటారు, చెట్టు మాత్రం ఎక్కుతారు. ఆ చెట్టెక్కడమే మీ నవలలో ముప్పాతిక వంతుకి వచ్చే ‘నీ మంచి కోసమే వెళ్ళిపోతున్నా’ ఘట్టం. ఆమె మంచి ఏమిటో ఆమెను అడగరు. వెళ్ళిన మూడో అధ్యాయంలో, సరిగ్గా ఆమెను శత్రువులు ఎత్తుకుపోయిన క్షణానికి, పైకప్పు బద్దలు కొట్టుకుని దిగుతారు. పైకప్పు బాగుచేయించిన దాఖలా ఏ నవలలోనూ లేదు.

మీ గతం గురించి తేలిగ్గా మాట్లాడను. కళ్ళముందే అయినవాళ్ళు పోయారు, మిమ్మల్ని ఇలా మార్చినవాడు మిమ్మల్ని బానిసలా చూశాడు. ఇవి చిన్న దెబ్బలు కావు. కానీ దెబ్బ తగిలి ఎన్నేళ్ళయింది సార్? మనసు వైద్యుడు ఫ్రాయిడ్ వియన్నాలో ప్రాక్టీసు పెట్టింది 1886లో. అప్పటికే మీరు యూరప్‌లో తిరుగుతున్నారు, చేతినిండా డబ్బుంది, చావు లేదు కాబట్టి టైమూ ఉంది. ఎండలోకి రాలేకపోయాను అంటారా, ఇప్పుడు ఫోన్‌లోనే, రాత్రిపూటే కౌన్సెలింగ్ దొరుకుతోంది. మీరు మాత్రం ఆ మొత్తం బరువు తెచ్చి, లైబ్రరీలో ఉద్యోగం చేసుకుంటున్న ఇరవై రెండేళ్ళ పిల్ల ఒళ్ళో పెట్టారు. ఆ పిల్లకి తన అప్పులే తీరలేదు. పైగా మూడో అధ్యాయంలో ఆమెకి ఒక స్నేహితురాలు ఉండేది, మంచి మాటకారి. మీరు వచ్చాక ఆ అమ్మాయి ఏమైపోయిందో దేవుడికెరుక. చివర్లో తాళ్ళతో కట్టేసి కనిపిస్తే, ఓహో ఉందన్నమాట అనుకున్నాం.

ఈ విచారం మీ పూర్వీకులకి లేదు. 1725లో సెర్బియాలోని ఒక పల్లెలో పేతర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చచ్చాక కూడా వచ్చి పీడిస్తున్నాడని ఊరంతా గగ్గోలు పెట్టింది. ఆస్ట్రియా అధికారి ఒకాయన దగ్గరుండి సమాధి తవ్వించి, పై వాళ్ళకి నివేదిక పంపాడు. నోట్లో నెత్తురుందనీ, కొత్త గోళ్ళు వచ్చాయనీ రాశాడు. కుళ్ళే శవం గ్యాసుతో ఉబ్బుతుందని, ఎర్రటి ద్రవం నోట్లోకి ఎగదన్నుతుందని, చర్మం కుదించుకుపోయి గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియక గుండెల్లో కొయ్య దించి తగలబెట్టారు. మీ తాతగారి రూపం అదీ, ఉబ్బిన ఒళ్ళు, బురద. సిక్స్‌ప్యాక్ లేదు, బంగళా లేదు, ‘నాలోని మృగాన్ని ప్రేమించగలవా’ అని అడిగే ధైర్యం అసలే లేదు.

మిమ్మల్ని దొరబాబుని చేసింది జాన్ పోలిడోరి. ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్‌కి డాక్టరుగా 1816లో జెనీవా సరస్సు దగ్గరికి వెళ్ళి, తర్వాత ఒక కథ రాశాడు. అది 1819లో అచ్చయింది, అదీ తన పేరుతో కాదు, బైరన్ పేరుతో. అందులో రక్తపిశాచి లార్డ్ రుత్వెన్. కులీనుడు, చల్లటివాడు, అమ్మాయిల బతుకులు కూల్చేవాడు. ఆ రుత్వెన్ పేరు ఎక్కడిదో తెలుసా? బైరన్ వదిలేసిన ప్రియురాలు కారొలిన్ లాంబ్ 1816లో ఒక నవల రాసి, అందులోని దుర్మార్గపు నాయకుడికి ఆ పేరు పెట్టింది. ఆ నాయకుడు బైరనేనని లండన్‌లో అందరికీ తెలుసు. అంటే మీ వంశంలో పుట్టిన మొదటి దొరబాబు, ఒక మాజీ ప్రియురాలి కసిలోంచి పుట్టాడు. మీకు ఒక్క స్టారు ఇచ్చే ఆడవాళ్ళని చూసి ‘ఈ కాలం పాఠకులకి అన్నీ తప్పులే కనిపిస్తాయి’ అని మూతి విరిచేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. మీ మీద మొట్టమొదటి ఒక స్టారు రివ్యూ మీరు పుట్టకముందే వచ్చింది, మీరు పుట్టిందే దాన్నుంచి.

తర్వాత మీకు కొత్త జబ్బులు వచ్చి చేరాయి. ఎండ తగిలితే చావడం స్టోకర్ పెట్టింది కాదు. ఆయన డ్రాక్యులా శక్తి తగ్గినా పగలూ తిరుగుతాడు. ఎండకి మాయమైపోవడం 1922లో వచ్చిన మూకీ సినిమా నోస్ఫెరాటుతో అంటుకుంది. పశ్చాత్తాపం ముదిరింది 1976లో, ఆన్ రైస్ నవలలో. మనిషిని చంపడానికి మనసొప్పక ఎలుకల నెత్తురు తాగే లూయీ, రాత్రంతా కూర్చుని తన గోడు ఒక కుర్రాడికి వినిపిస్తాడు. ఆయన తన గోడు కనీసం టేపు రికార్డరు ముందు చెప్పుకున్నాడు. ఇక 2005లో ట్విలైట్ నవల వచ్చాక మీరు మళ్ళీ స్కూల్లో చేరారు. 1901లో పుట్టిన మనిషి బయాలజీ క్లాసులో కూర్చుని, పక్కన కూర్చున్న అమ్మాయి వాసనకి విలవిల్లాడిపోవడం! వందేళ్ళు దాటిన ఆయనకి పదిహేడేళ్ళ పిల్లతో మాట్లాడుకోవడానికి ఏముంటుందని అడిగే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

రక్తం లెక్క కూడా కాస్త చూద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండేదే ఇంచుమించు 5 లీటర్లు. రక్తదానంలో అర లీటరు లోపే తీసి, కాసేపు కూర్చోబెట్టి, దేశాన్ని బట్టి 8 నుంచి 16 వారాల దాకా మళ్ళీ రావద్దంటారు. మీరు మంగళవారం తాగుతారు, గురువారం తాగుతారు, శనివారం గాయపడి వచ్చి ‘నువ్వే నా మందు’ అంటూ కడుపారా తాగుతారు. ఆదివారం ఆ పిల్ల అడవిలో పరుగెత్తి శత్రువుని పొడుస్తుంది. ఎక్కడా కళ్ళు తిరగవు. ఆస్పత్రిలో పనిచేసే పాఠకులు ఈ పేజీల దగ్గర పుస్తకం విసిరి కొడుతుంటే వాళ్ళని తప్పుపట్టలేం. రక్తం మీద బతికే గబ్బిలాలు నిజంగానే ఉన్నాయి, మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా. ఆకలితో వచ్చిన తోటి గబ్బిలానికి తను తాగింది కక్కి పెడతాయి. మీరు ఆమెకి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చిన పేజీ నాకింకా కనబడలేదు.

మీరు చూపుతో మనుషుల మనసుల్ని లొంగదీస్తారు కదా, ఆ విద్య మీద పాఠకుల కోపం నానాటికీ పెరుగుతోంది. అందుకేనేమో ఈమధ్య నవలల్లో మీ చేత ‘ఆమె మీద మాత్రం నా శక్తి పనిచెయ్యదు’ అనిపిస్తున్నారు. సంతోషం. అయితే ఆ చేత్తోనే ‘విధి కలిపిన జంట’ అనే ముడి తగిలించారు. వాసన పట్టగానే ఆమె మీ సొంతమని రూఢి అయిపోతుంది. ఆమె వద్దంటే ఏమవుతుందంటే, మీరు పిచ్చెక్కి చచ్చిపోతారట. కాదంటే ఒక ప్రాణం పోతుందని బెదిరించాక అడిగే ప్రేమలో, ఆమె ఇష్టానికి చోటెక్కడుంది స్వామీ?

ఇంత చదివి, ఈ పుస్తకాలు చదివేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోను. అందరూ తెలిసే చదువుతారు. నిజంగా ఎవరూ కిటికీ తెరిచి పెట్టుకోరు. ఆ నాలుగు వందల పేజీల్లో దొరికేది వేరే. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఫోన్ చూడకుండా, చెప్పిన ప్రతి మాటా వింటాడు. ఎప్పుడో అన్నది గుర్తుపెట్టుకుంటాడు. చంపగలిగిన చెయ్యి తాకేటప్పుడు వణుకుతుంది. రోజంతా అందరి మాటా విని, తన మాట వినేవాడు లేని మనిషికి అది చిన్న విషయం కాదు. ఐదు స్టార్లు అక్కణ్ణుంచి వస్తున్నాయి, మీ దవడ నుంచి కాదు. మీ రచయితలకి ఈ తేడా తెలిసినట్టు లేదు. వినే గుణం రెండు పేజీల్లో ముగించి, వేధింపులకి ఇరవై పేజీలు ఇస్తున్నారు.

అసలు చిక్కు మీది కూడా కాదని నా అనుమానం. రొమాన్స్ అన్నాక చివర్లో సుఖాంతం ఉండి తీరాలి, అది ఆ రకం నవలలకి రాసిపెట్టిన షరతు. మీరు కోలుకుంటే సుఖాంతం. సుఖాంతమైతే అట్ట మూసెయ్యాలి. కాబట్టి ఆఖరి పది పేజీల దాకా మిమ్మల్ని కోలుకోనివ్వరు. మానుతున్న గాయాన్ని అధ్యాయానికోసారి గిల్లుతారు. సిరీస్ అయితే ఇంకా ఘోరం, నిరుడు మానిన గాయానికే ఈ ఏడు కొత్త కుట్లు. మీ దుఃఖం మీ గతం కాదు, మీ ఉద్యోగం. సెలవు లేదు, పెన్షన్ లేదు, చావు కూడా లేదు. ఈ మాట అర్థమయ్యాక మీ మీద కోపం కాస్త తగ్గి, మీతో ఓవర్‌టైమ్ చేయిస్తున్నవాళ్ళ మీదకి మళ్ళింది. అందుకే నేను మూడు స్టార్లు ఇచ్చాను. ఒకటి ఆ స్నేహితురాలికి.

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరినా కోరకపోయినా తేడా ఉండని
ఒక పాఠకురాలు

తా.క.: వచ్చే భాగం మీ తమ్ముడుగారిదట. ఆయన మీకంటే ఎక్కువ నలిగిపోయారని, ఎవరినీ నమ్మరని అట్ట వెనక రాశారు. తెప్పించుకుంటున్నాను. అందులో మీరూ కనిపిస్తారని విన్నాను, భార్యాబిడ్డలతో, నవ్వుతూ, ఒక విందులో, మహా అయితే రెండు పేజీలు. అలా నవ్వుతుంటే మిమ్మల్ని ఎవరూ పోల్చుకోలేరేమో. తలుపు దగ్గర ఒక్కసారి దవడ బిగించండి, గుర్తుపడతాం.