పాదుకా పట్టాభిషేకం: బర్మింగ్‌హామ్ కాండ

అన్న అడవికి వెళితే తమ్ముడు పాదుకలను సింహాసనం మీద పెట్టి రాజ్యం నడిపాడు. 1993 అక్టోబరులో మైకేల్ జోర్డాన్ బాస్కెట్‌బాల్‌కు దండం పెట్టి వెళ్లిపోతే నైకీ కంపెనీ కూడా ఆ దారే పట్టింది. తొడుక్కుని ఆడేవాడు లేకపోయినా ఆయన పేరిట వచ్చే బూట్ల వరుసలో తొమ్మిదోది, ఎయిర్ జోర్డాన్ 9, కొట్లలోకి వచ్చేసింది. భరతుడికి మాత్రం పాదుకలు అమ్ముకోవచ్చన్న ఆలోచన రాలేదు పాపం.

వనవాసం అమెరికాలోని అలబామా రాష్ట్రంలో. బర్మింగ్‌హామ్ బారన్స్ అనే మైనర్ లీగ్ (అంటే కింది స్థాయి) బేస్‌బాల్ జట్టు, 45వ నంబరు చొక్కా. ఆ ఆటకు ముళ్ల బూట్లు కావాలి కాబట్టి అదే తొమ్మిదో రకానికి అడుగున ముళ్లు బిగించి ఆయన కోసమే తయారుచేశారు. 1994 సీజన్‌లో 127 మ్యాచ్‌లు, .202 సగటు (అంటే పదిసార్లు బ్యాటు పడితే రెండు హిట్లు), క్రికెట్ సిక్సర్లాంటి హోమ్ రన్లు 3, బంతి కొట్టలేక అవుటైన స్ట్రైకవుట్లు 114. గిట్టనివాళ్లు ఈ లెక్క చూసి నవ్వుతారు. నవ్వే ముందు బూటు తరఫు వాదన కూడా వినాలి కదా! బంతి తగలకపోవడం బ్యాటు చేసిన నేరం. బూటు పని పరుగెత్తడం. ఆ సీజన్‌లో అది 30 బేస్‌లు దొంగిలించింది, అంటే ఎవరూ బంతి కొట్టకముందే తర్వాతి మజిలీకి పరుగుతీసింది. 18 సార్లు పట్టుబడిందంటారా, దొంగతనమన్నాక ఆ మాత్రం ఉంటుంది.

1994 నవంబరులో చికాగో యునైటెడ్ సెంటర్ ముందు ఆయన కంచు విగ్రహం వెలిసింది. గాల్లోకి ఎగిరి బుట్టలో బంతి వేసే భంగిమ. కాళ్లకు మాత్రం టైటిళ్లు గెలిచిన జోడు కాదు, సెలవులో ఉండగా వచ్చిన తొమ్మిదే! మన కూడళ్లలో విగ్రహం వేలు ఎటు చూపాలన్న దగ్గరే పంచాయితీ తెగదు, ఇక చెప్పుల దాకా ఎవరు వెళతారు?

ఇలాంటి పాత జోళ్లు సేకరించి దాచుకునేవాళ్ల భక్తి చూడముచ్చటగా ఉంటుంది. పెట్టె మూత తీస్తే పలుచటి కాగితం, సిలికా జెల్ పొట్లం, పచ్చబడ్డ జిగురు గీత. వేలితో నొక్కితే సోలు మరమరాల్లా రాలుతుంది. పాలియురేథేన్ సోలుకు గాలిలో తేమే చాలు, తొడగకపోయినా పాడైపోతుంది. ఒక్కసారి కూడా నేల తాకని బూటు ముసలితనంతో పోతుందన్నమాట! పోనీ జోర్డాన్ బేస్‌బాల్ జోడే తొడుగుదామంటే ఆయన పాదం అమెరికా కొలతలో 13. పైగా అడుగున ముళ్లు. పాలరాతి నేల మీద నాలుగడుగులు వేస్తే ఇల్లుగలాయన ఊరుకోడు.

అందుకని 2014లో ఆ తొమ్మిదో రకాన్నే ముళ్లు లేకుండా ‘బారన్స్’ పేరుతో మళ్లీ అమ్మారు. అంటే బాస్కెట్‌బాల్ బూటు బేస్‌బాల్ బూటై, ఆ బేస్‌బాల్ జ్ఞాపకార్థం తిరిగి బాస్కెట్‌బాల్ బూటైంది. ఈసారి విడుదల చేస్తే స్ట్రైకవుట్‌కు ఒకటి చొప్పున 114 జోళ్లు మాత్రమే చేసి, పెట్టె మీద వరుస నంబరు వేయాలని నా మనవి. మొదటి స్ట్రైకవుట్ జోడు కావాల్సినవాళ్లు ముందురోజు రాత్రే దుప్పటి తెచ్చుకుని లైన్లో పడుకోవాలి.