పేలిందా? పొంగిందా? తెగిందా?

పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో 2025 జూన్ 30 ఉదయం ఏం జరిగిందో టీవీలు చూస్తుండగానే తేల్చేశాయి: ‘రియాక్టర్ పేలుడు’. యాభై మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ ఘటనకు కారణం రియాక్టర్ పేలుడు కాదని తర్వాత కంపెనీయే స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసిచ్చింది. అంతకు పది నెలల ముందు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా మందుల కంపెనీలో 17 మంది చనిపోయినప్పుడూ మొదటి స్క్రోలింగు అదే. అక్కడా రియాక్టర్ కాదు. కారిన ద్రావకం ఆవిరై నిప్పందుకుంది. జనం నోట మాత్రం ఈనాటికీ రెండూ రియాక్టర్ పేలుళ్లే.

తొందరలో దొర్లిన తప్పు, పోనిద్దురూ అంటారు. పోనివ్వాల్సింది కాదు. లోపలున్నది ఒక్కసారిగా బయటికి తన్నుకురావడానికి తెలుగులో ఎన్ని క్రియలున్నాయో చూడండి. పేలడం, పగలడం, చిట్లడం, తెగడం, పొంగడం, పొర్లడం, ఉబకడం, చిమ్మడం, గుప్పుమనడం, భగ్గుమనడం. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ఒక్కో క్రియ కొంగున ఒక్కో కారణం ముడేసి ఉంది. అన్నిటినీ తెచ్చి ‘పేలుడు’ అనే ఒకే గంపలో పోస్తే ఆ ముళ్లన్నీ ఊడిపోతాయి. కారణం ఎటు పోతే బాధ్యుడూ అటే పోతాడు.

అసలు పేలడమంటే ఏమిటో తెలియాలంటే తొలి ఏకాదశికి పేలాలు వేయించే మూకుడు చూస్తే చాలు. (తలలో పేల సంగతి వేరు, వాటి జోలికి పోవడం లేదు.) జొన్న గింజ, మొక్కజొన్న గింజ పేలాలంటే మూడు కుదరాలి. లోపల తేమ ఉండాలి, మొక్కజొన్నకైతే నూటికి 13, 14 పాళ్లు. పైపొర ఎక్కడా చీలిక లేకుండా బిగువుగా ఉండాలి. సెగ చురుగ్గా ఉండాలి. వేడి సుమారు 180 డిగ్రీలకు చేరేసరికి లోపలి తేమ ఆవిరై పైపొరను తొమ్మిది రెట్ల వాతావరణ పీడనంతో తోస్తుంది. పొర ఓడిపోతుంది. గింజ తిరగబడి తెల్లగా విచ్చుకుంటుంది. పొరకు ముందే బీట ఉంటే ఆవిరి జారిపోయి గింజ మాడుతుందే గానీ పేలదు. పాత జొన్నలు సరిగా పేలకపోవడానికి కారణం తేమ ఆరిపోవడమే. అంటే పేలడానికి మూత ఉండాలి, లోపల ఒత్తిడి పెరగాలి, దాన్ని బయటికి వదిలే దారి లేకపోవాలి. బాయిలర్ పేలినా, రియాక్టర్ పేలినా అడగాల్సింది కూడా ఇదే. సేఫ్టీ వాల్వ్ ఎందుకు తెరుచుకోలేదు? ఒత్తిడి మితిమీరితే తానే చిట్లి దారి వదలాల్సిన రేకు, రప్చర్ డిస్క్, ఎందుకు చిట్లలేదు? ఈ ప్రశ్నకు తావున్న చోటే ‘పేలింది’ అన్న మాటకు అర్థం.

సిగాచిలో తయారయ్యేది మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్. మందు బిళ్లలు విడిపోకుండా కట్టి ఉంచే మెత్తటి తెల్ల పొడి అది. వేడిగాలిలో స్ప్రే డ్రయర్‌తో ఆరబెడతారు. ఇలాంటి పొడి ఏం చేయగలదో మన జాతరల్లో అందరూ చూసిందే. గుగ్గిలం ముద్దను నిప్పు మీద వేస్తే పొగ వేస్తూ నెమ్మదిగా కాలుతుంది. అదే గుగ్గిలాన్ని దంచి కాగడా మీదికి చల్లితే నిలువెత్తు మంట లేస్తుంది. సరుకు మారలేదు. మెత్తబడి గాలిలో తేలేసరికి ప్రతి రేణువుకూ చుట్టూ గాలి అందింది, అంతే. దానికి తెలుగు మాట ‘భగ్గుమనడం’. మూసిన గదిలో అలా భగ్గుమంటే అప్పుడు గది పేలుతుంది. మొదటి తాకిడి చిన్నదే కావచ్చు. దూలాల మీద, కేబుల్ ట్రేల మీద, ఫాల్స్ సీలింగ్ పైన నెలల తరబడి పేరుకున్న దుమ్మును ఆ ఊపు కిందికి రాలుస్తుంది. రెండో మంట దాన్ని అందుకుంటుంది. గోడలు కూలేది ఎక్కువగా ఆ రెండోసారే. విజిటింగ్ కార్డు రెండు మూడు పేర్చినంత మందం దుమ్ము పొర చాలు. అందుకే పొడి సరుకు ఆడే చోట చీపురు కూడా భద్రతా పరికరమే. కంప్రెషర్ గాలితో దుమ్మును ఊదడం మాత్రం చేతులారా కాగడా మీద గుగ్గిలం చల్లడం.

‘రియాక్టర్ పేలింది’ అనగానే చూపు ఒక యంత్రం మీద పడుతుంది, అందులో నడిచే రసాయన చర్య మీద పడుతుంది. ‘పొడి భగ్గుమంది’ అంటే ఊడ్చారా లేదా, డ్రయర్‌కు ఎర్తింగ్ ఉందా, పేలుడు తాకిడిని ఆరుబయటికి వదిలే వెంట్ ప్యానెల్ ఉందా, అంతమంది ఆ భవనంలో ఎందుకున్నారు అని అడగాల్సి వస్తుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 37వ సెక్షన్ అంటుకునే ధూళిని పేరు పెట్టి ప్రస్తావించింది. మన వార్తల పదకోశంలో మాత్రం ధూళికి ఇంకా చోటు దొరకలేదు.

మాటను బట్టి శాఖా మారుతుంది. బాయిలర్ అయితే బాయిలర్ల శాఖ, దానికి 1923 నుంచీ వేరే చట్టమే ఉంది, 2025లో కొత్తది వచ్చింది. రియాక్టర్ అయితే ఫ్యాక్టరీల శాఖ. ద్రావకం నిల్వ, సిలిండర్ అయితే నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ. తప్పు మాటతో మొదలైన రోజున ఒక శాఖ ‘అది మా పరిధి కాదు’ అని తప్పుకోవడానికి దారి దానంతటదే దొరుకుతుంది.

పేలనిదాన్ని పేలిందనడం ఒక తప్పయితే, పొంగినదాన్ని ‘లీకు’ అనడం ఇంకో తప్పు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని పొట్టనపెట్టుకున్న ఎల్జీ పాలిమర్స్ ఘటనకు ‘గ్యాస్ లీకేజీ’ అన్న పేరు స్థిరపడిపోయింది. లీకు అంటే మనసులో ఏం మెదులుతుంది? ఎక్కడో చిల్లి, ఏదో వాల్వు, పాపం ఎవరు మాత్రం ఊహిస్తారు! అక్కడ జరిగింది పొయ్యి మీద పాలు పొంగడం లాంటిది. స్టైరీన్ తనలో తాను చర్య జరుపుకునే ద్రవం. చర్య జరిగితే వేడి పుడుతుంది, వేడి పుడితే చర్య ఇంకా వేగం పుంజుకుంటుంది. అందుకే దాన్ని 20 డిగ్రీల లోపు చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకాన్ని తగు మోతాదులో కలుపుతూ ఉండాలి, కింద పైన ఒకే వేడి ఉండేలా తిప్పుతూ ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ ఆ ఏడాది జులైలో ఇచ్చిన నివేదిక చూస్తే ఈ మూడూ చెడిపోయి కనిపిస్తాయి. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగునే ఉంది, పై పొరల వేడి ఎవరికీ తెలియలేదు. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం ఆపేసేవారు. నిరోధకం తగ్గింది. లాక్‌డౌన్‌లో సరుకు వారాల తరబడి కదలకుండా నిలిచింది. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. లోపల అది దాటాక ట్యాంకు పైనుండే గొట్టాల గుండా ఆవిరి ఎగజిమ్మి ఊరి మీద పడింది. సైరన్ మోగించేందుకు 36 చోట్ల ఏర్పాటున్నా మోగలేదు.

ఇందులో చిల్లి లేదు. ‘లీకు’ అంటే పాత్రను తప్పుపడతాం. ‘పొంగింది’ అంటే పొయ్యి దగ్గర ఎవరున్నారని అడుగుతాం. మన ఇళ్లలో పాలు పొంగిపోతే గిన్నెను తిట్టేవాళ్లెవరైనా ఉన్నారా?

నీళ్ల విషయంలో మన భాష ఇంకా నిక్కచ్చి. తెలంగాణలో చెరువు నిండి మత్తడి దుంకితే పండగ, ఆంధ్రలో అలుగు పారితే సంబరం. అదే నీరు కట్ట మీదుగా పొర్లితే గుండె దడ. కట్ట తెగితే ఏడుపు. పారడం, పొర్లడం, తెగడం: మూడు మాటలకూ మూడు కారణాలు. అలుగు పారడమంటే కట్టినవాడు నీటికి దారి వదిలాడని అర్థం. పొర్లిందంటే ఆ దారి చాలలేదని, లేదా తెరుచుకోలేదని. కట్ట తెగడానికి పొర్లడమొక్కటే కారణం కానక్కర్లేదు. ఎలుకల బొరియలో, చెట్ల వేళ్లో చేసిన సందుల గుండా ఊట మొదలై, మట్టిని లోలోపల తోడేసి ‘బుంగ’ పడుతుంది. కట్ట దిగువన ఊరే నీరు తేటగా ఉన్నంతసేపు భయం తక్కువ. అది ఎర్రబడిందంటే కట్టలోని మట్టి వచ్చేస్తోందని కాలువ గట్లను కనిపెట్టుకుని ఉండే లస్కర్‌కు తెలుసు. అప్పుడు ఆ ఊటను బంకమట్టితో మూసేయకూడదు, నీరు ఇంకో చోట తన్నుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి లోపల ఇసుక, పైన కంకర పోయాలి. నీరు బయటికి పోవాలి, మట్టి మాత్రం ఆగాలి. ఆ లస్కర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో ప్రభుత్వాలను అడగాలి.

2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. శీర్షికల్లో ఎక్కువగా కనిపించింది ‘ఉగ్రరూపం’, ‘జలవిలయం’. నదికి ఉగ్రం అంటగడితే గేటుకు గ్రీజు పెట్టనివాడు హాయిగా ఉంటాడు.

‘మేఘ విస్ఫోటం’ సంగతి చెప్పనే అక్కర్లేదు. మేఘం సంచీ కాదు పేలడానికి. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల చిన్న మేర మీద గంటలో 100 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తే వాతావరణ శాఖ దాన్ని క్లౌడ్‌బరస్ట్ అంటుంది. మన పెద్దలు కుండ బోర్లించినట్టు అన్నారు, అందులో పేలుడు లేదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది, పరీవాహకమంతటా రోజుల తరబడి కురిసిన వానలకు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ క్లౌడ్‌బరస్ట్ అన్నారు, వెనుక విదేశీ కుట్ర ఉందేమోనని అనుమానపడ్డారు. విస్ఫోటం అన్నాక పేల్చినవాడు ఉండాలి కదా, అదీ ఆ మాట మహిమ!

విలేకరుల వైపు వాదన ఒకటుంది, కొట్టిపారేసేది కాదు. ప్రమాదం జరిగిన గంటలో గేటు బయట నిలబడ్డవాడికి ఏం తెలుస్తుంది? చుట్టుపక్కల వాళ్లు ‘పేలింది’ అన్నారు, అతను అదే రాశాడు. నిజమే. అయితే వాళ్లు విన్నది చప్పుడు. ‘పెద్ద చప్పుడు వచ్చింది, మంటలు లేచాయి’ అని రాస్తే తప్పేముంది? రియాక్టర్ అన్న మాట చప్పుడులో వినిపించదు.

పదాల కరువేమీ లేదని రాజకీయ వార్తలు చూస్తే తెలుస్తుంది. నాయకుడు మండిపడతాడు, విరుచుకుపడతాడు, నిప్పులు చెరుగుతాడు, అవాకులు చెవాకులు పేలుతాడు. ప్రతి వాక్యానికీ కర్త ఉంటాడు, ఫొటోతో సహా. కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి పేలింది, లీకైంది, తెగింది. కర్త గల్లంతు. ఆ ఖాళీని పూడ్చేది ఎక్స్‌గ్రేషియా. ఎల్జీ పాలిమర్స్‌కు కోటి, ఎసెన్షియాకు కోటి, సిగాచికి కోటి. ఆ కుటుంబాలకు ఆ డబ్బు దక్కాల్సిందే, ఆలస్యం లేకుండా దక్కాల్సిందే. కారణం మాత్రం కమిటీకి వెళుతుంది. విశాఖ నివేదికైనా జనం ముందుకు వచ్చింది. మన దగ్గర అదే విశేషం. కోటి ప్రకటన మొదటి పేజీలో వచ్చినంత పెద్దగా కారణం ఎన్నడు వచ్చింది?

ఈ అలవాటు ఇంటి దాకా వచ్చింది. ‘గ్యాస్ సిలిండర్ పేలి’ అని రాసే వార్తల్లో చాలావాటిలో సిలిండర్ పేలి ఉండదు. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, నేలబారున పాకుతుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య కలిస్తేనే అంటుకుంటుంది. పదడుగుల వంటగది నిండా ఆ పాటి కలవాలంటే కిలో పైచిలుకు గ్యాస్ కావాలి. నేల మీద పొరగా పేరుకుంటే అంతకన్నా తక్కువే చాలు. 14.2 కిలోల సిలిండర్‌కు అదెంత? తెగేదల్లా వాల్వు లోపలి చిన్న రబ్బరు వాషరు, లేదా ఐదేళ్లకు మార్చాల్సిన రబ్బరు గొట్టం. తెల్లారి లేచి స్విచ్ వేస్తే రవ్వ అందుకుంటుంది, పేలేది గది. వాసన రాగానే స్విచ్ ముట్టుకోకుండా, ఫ్యాన్ వేయకుండా తలుపులు తెరిచి రెగ్యులేటర్ ఆపాలన్నది అందుకే. సిలిండర్ నిజంగా పేలాలంటే బయటి మంటలో అది కాగాలి. అప్పుడు ఉక్కు నిలువునా చీలి రేకులా విచ్చుకుంటుంది. చూడగానే తేడా తెలుస్తుంది.

ఈసారి అలాంటి వార్త వస్తే ఫొటో పెద్దది చేసి చూడండి. గోడలు బయటికి కూలి ఉంటాయి, కిటికీ ఊడి వీధిలో పడి ఉంటుంది. మూలన మసిబారిన ఎర్ర సిలిండర్ ఎక్కడా సొట్ట కూడా లేకుండా, రెగ్యులేటర్ తగిలించినట్టే నిలబడి ఉంటుంది.