జేబులో పట్టే ప్లేయర్ కోసం

కడపలో ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల నాలుగు దుకాణాలు తిరిగాను. మా నాన్నగారికి కావలసినదల్లా జేబులో ఇమిడిపోయి, అన్నమయ్య కీర్తనలు వినిపించి, అప్పుడప్పుడు మనవరాలి నాట్యం వీడియో చూపించే చిన్న ప్లేయర్. ఇంత చిన్న కోరికకు ఇంతగా తిరగాలా? "ఇప్పుడు అవి ఎవరు కొంటున్నారు సార్, ఫోన్ ఇచ్చేయండి" అని ప్రతిచోటా ఒకటే మాట. చూపు సరిగా ఆనని డెబ్బై ఏళ్ల మనిషికి, పాట మధ్యలో ఎవరో బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగే ఫోన్ ఎందుకు? 2001లో ఐపాడ్ అనే జేబు ప్లేయర్‌ను తెచ్చిన ఆపిల్ సంస్థే 2022లో దానిని ఆపివేసిన మాట నిజమే. అంతమాత్రాన వినేవాళ్లు లేకుండా పోయారా?

చివరికి దొరికినదాని పెట్టెమీద 'ఎంపీ4' అని పెద్ద అక్షరాలున్నాయి. ఇంటికి తెచ్చి, ఫోన్‌లో తీసిన ఎంపీ4 వీడియోనే వేస్తే 'ఫార్మాట్ ఎర్రర్' అని వచ్చింది. దానిని కంప్యూటర్‌లో ఏఎంవీ అనే మరో రూపంలోకి మార్చుకుంటేనే ఆడుతుందట. ఆ ముక్క పెట్టెమీద ఎందుకు అచ్చువేయరు? తెలుగులో పేర్లు పెట్టిన కీర్తనలన్నీ తెరమీద వరుసగా ఖాళీ గళ్లుగా కనబడుతుంటే, ఆయన ఏ గడిలో ఏ పాటని వెతుక్కోవాలి? 32 జీబీకి మించిన మెమరీ కార్డును అది గుర్తించదన్న సంగతి, 64 జీబీ కార్డు కొన్న తరువాత గాని చెప్పలేదు. తిరిగి ఇవ్వబోతే "సీలు తీశారు కదా" అన్నారు. సీలు తీయకుండా అది పాడుతుందో లేదో ఎవరికి తెలుస్తుంది?